రాజురా తప్ప అన్నీ తెలిసిన పుస్తకం

కజకస్తాన్ రాజధాని పేరు మారితే మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురాలో ఓ కుర్రాడి ఉద్యోగం ఊగుతుంది. అతిశయోక్తి అనుకోకండి. 2019 మార్చిలో అక్కడివాళ్లు, గద్దె దిగిన అధ్యక్షుడి మీద భక్తి పట్టలేక, అస్తానాకు నూర్‌సుల్తాన్ అని ఆయన పేరే పెట్టారు. బ్యాంకు పరీక్షలకు చదివే మన పిల్లలు గైడులో అస్తానా కొట్టేసి పక్కన నూర్‌సుల్తాన్ రాసుకున్నారు. 2022 సెప్టెంబరుకి భక్తి చల్లారింది. మళ్లీ అస్తానా. అక్కడివాళ్లు బోర్డులు మార్చుకుని ఊరుకున్నారు, ఇక్కడివాళ్లు బుర్రలు మార్చుకోవాల్సి వచ్చింది. పాత గైడు సెకండ్‌హ్యాండులో కొన్న పిల్లాడికి రావలసిన మార్కు రాలేదు సరికదా, ఉన్నవాటిలోంచి పావు మార్కు పోయింది. కటాఫ్ దగ్గర ఆ పావు చాలు. వాడు సాస్తి బొగ్గుగని వైపు కాంట్రాక్టు పనికి పోతాడు, లేకపోతే గడ్‌చందూర్ సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడతాడు. తన బతుకులో అస్తానా ఎందుకు అడ్డొచ్చిందో వాడికి చచ్చేదాకా అర్థం కాదు.

ఇంతకీ రాజురాలో కౌంటరు వెనక కూర్చునే గుమాస్తాకు కజకస్తాన్‌తో ఏం పని? అలా అడగకూడదు. అడిగితే దాన్ని జనరల్ నాలెడ్జి అంటారు నాయనా అని జాలిగా చూస్తారు. ఎప్పుడో ఓనాడు కజక్ ఆసామి ఒకడు వార్ధా నది దాటి వచ్చి, పత్తి అమ్మిన మా దేశపు టెంగేలు జమ చేసుకోండి బాబూ అంటాడేమోనని బ్యాంకులు ముందుచూపుతో ఉన్నాయి కాబోలు.

పత్తి అంటే గుర్తొచ్చింది. అక్టోబర్ 7 ప్రపంచ పత్తి దినం. గైడులో ఉంది. ఈ తాలూకాలో పొలాల నిండా పత్తే కదా, మన పంటకు ఇంత గౌరవమా అని కుర్రాడు మురిసిపోవచ్చు. కాకపోతే పత్తి దినం ఏ రోజో చెప్పిన గైడు, పత్తి డబ్బు ఏ రోజు పడుతుందో చెప్పదు. అదే పేజీలో మే 2 ప్రపంచ ట్యూనా చేపల దినమనీ, జూన్ 30 గ్రహశకలాల దినమనీ ఉంటుంది. రాజురా నుంచి సముద్రం వందల కిలోమీటర్లు. ట్యూనా అన్నది చేపో, చెట్టో, చీరల కంపెనీయో చూసినవాడు ఊళ్లో దొరకడు. ఆకాశం నుంచి రాళ్లు రాలే రోజుకు కూడా బ్యాంకు సెలవు ఇవ్వరు. అయినా బట్టీ పట్టాలి.

బ్యాంకు గుమాస్తా మెయిన్స్ పరీక్షలో 2024 దాకా జనరల్, ఫైనాన్షియల్ అవేర్‌నెస్‌కు 50 ప్రశ్నలు, 35 నిమిషాలు. అంటే ప్రశ్నకు 42 సెకన్లు. ప్రిలిమ్స్‌లో ఈ సబ్జెక్టు ఊసే లేదు, అక్కడ ఇంగ్లీషు, లెక్కలు, రీజనింగ్ మాత్రమే. లోకజ్ఞానం లేకపోయినా మొదటి గేటు దాటొచ్చు, రెండో గేటు దగ్గర మాత్రం 42 సెకన్లలో లోకమంతా చెప్పాలి. ఇంత వేగంగా తయారు చేసిన మనిషిని తీసుకెళ్లి ఎక్కడ కూర్చోబెడతారు? పాస్‌బుక్కు ప్రింటు కావడానికి జనం పూటంతా వరసలో నిలబడే చోట.

ఇక గైడులో బ్యాంకులకు చావు లేదు. బయట మాత్రం పెట్టె సర్దేస్తూనే ఉంటారు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మణిపాల్ సిండికేటు అదే రోజు కెనరాలో కలిసింది. విజయా బ్యాంకు, దేనా బ్యాంకు అంతకు సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన, బరోడాలో లీనం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో. ఏప్రిల్ ఒకటో తేదీ ఆర్థిక సంవత్సరం మొదలు గనక అని పెద్దలు చెబుతారు, ఆ తేదీకి ఇంకో ప్రసిద్ధి కూడా ఉందని పిల్లలు గుర్తుచేస్తారు. ఏదైతేనేం, సంతలో ఇప్పటికీ అమ్ముడుపోయే బిట్ బ్యాంకుల్లో దేనా బ్యాంకు నినాదం ఏమిటి, విజయా బ్యాంకు ప్రధాన కార్యాలయం ఎక్కడ అన్న ప్రశ్నలు బతికే ఉన్నాయి. పోయినవాళ్ల నినాదాలు కంఠస్థం చేయించడం మన దగ్గర తద్దినాల నాడు కూడా లేదు.

ఆ 2017 ఏప్రిల్ 1నే ఇంకో సంగతి జరిగింది. స్టేట్ బ్యాంకు ఆ రోజు నుంచే ఖాతాలో కనీస నిల్వ లేనివాళ్ల దగ్గర జరిమానా కోయడం మళ్లీ మొదలెట్టింది. పల్లెటూరి బ్రాంచికి కనీసం 1,000 రూపాయలు ఉండాలన్నారు. ఆ కోత 2020 మార్చిలో గానీ ఆగలేదు. హైదరాబాద్ బ్యాంకు ఖాతాదారులకు కొత్తింట్లో గృహప్రవేశం, చదివింపులు ఒకేసారి. విలీనం తేదీ గైడులో ఉంటుంది, ఒకటికి రెండుసార్లు. అదే రోజు అమల్లోకి వచ్చిన జరిమానా మాత్రం ఏ వన్‌లైనర్‌లోకీ ఎక్కదు. ‘నా పాస్‌బుక్కుల పైసల్ ఎందుకు గోసిన్రు బిడ్డా?’ అని వీరూర్ వైపు నుంచి వచ్చిన ముసలమ్మ అడిగితే, నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న గనక మన టాపరు నోరు తెరవలేడు.

గ్రామీణ బ్యాంకుల సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. 1975 అక్టోబర్ 2న మొదటి గ్రామీణ బ్యాంకు పుట్టిందని, దానికి సిఫార్సు చేసింది నరసింహం అని, కేంద్రానికి 50 శాతం, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు 35 వాటా అని కుర్రాడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. విదర్భ పల్లెల్లో ఉన్నది విదర్భ కొంకణ్ గ్రామీణ బ్యాంకు, ప్రధాన కార్యాలయం నాగపూర్, స్పాన్సర్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అని కూడా చదివాడు. 2025 మే 1న దాన్ని మహారాష్ట్ర గ్రామీణ బ్యాంకులో కలిపేశారు. స్పాన్సర్ మారింది, ఊరు మారి ఛత్రపతి శంభాజీనగర్ అయింది. ఆ ఊరు పేరు కూడా ఈమధ్య దాకా ఔరంగాబాదే. బ్యాంకు పేరు, స్పాన్సర్, ఊరు, ఊరి పేరు, నాలుగూ మారిపోయాయి. మారనిది కౌంటరు ముందు వరస ఒక్కటే, అది సిలబస్‌లో లేదు.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఇక్కడ కాదు. ఎక్కడో ఉన్న దేశాల కరెన్సీలు నేర్పే ఈ చదువు, రాజురా కరెన్సీ ఏమిటో రాజురా పిల్లాడికి చెప్పదు. ఆ ఊరి చరిత్రే ఒక బ్యాంకింగ్ పాఠం. 1956 దాకా రాజురా తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి నాందేడ్ జిల్లాలో చేరింది. 1959లో చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు, మార్చారు. 1960లో మహారాష్ట్ర పుట్టింది. ఉన్నచోట నుంచి అంగుళం కదలకుండా మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూసిన ఊరు. అస్తానా కూడా ఇంత తిరగలేదు. ఆగస్టు 15తో పాటు సెప్టెంబర్ 17 కూడా ఈ ఊరికి స్వాతంత్ర్యం లెక్కే. 1948లో నిజాం పాలన పోయింది ఆ రోజునే.

నిజాం కాలంలో వార్ధా నది రెండు ప్రభుత్వాల మధ్య గీత, రెండు డబ్బుల మధ్య గీత కూడా. అవతల బల్లార్షా వైపు ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయి, ఇవతల రాజురా వైపు ఉస్మానియా సిక్కా, జనం నోట్లో హాలీ. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. ఆ హాలీ డబ్బును చూసుకోవడానికి 1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్‌లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తలుపులు తెరిచారు. అది ఉత్త బ్యాంకు కాదు, సంస్థానానికి రిజర్వు బ్యాంకు లాంటిది. రాజురా హైదరాబాదును వదిలిన ఆ 1956లోనే బ్యాంకు కూడా రిజర్వు బ్యాంకు అజమాయిషీలోకి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. తర్వాత కథ పైన చెప్పాను. ఒక ఊళ్లో తాతలు వాడిన రూపాయి, ఆ రూపాయిని కాచిన బ్యాంకు, ఆ బ్యాంకు విలీనం, ఇంత కథ ఉంటే, ఆ ఊరి పిల్లాడు మంగోలియా తుగ్రిక్, బోట్స్వానా పులా వల్లె వేస్తున్నాడు. హాలీ అంటే ఏమిట్రా అంటే హోలీ అని దిద్దుతాడు.

పోనీ లెక్కల్లోనైనా నది కనిపిస్తుందా అంటే, కనిపిస్తుంది. పడవ ప్రవాహానికి ఎదురు పోతే గంటకు ఇంత, వాలున పోతే ఇంత, నిశ్చలమైన నీటిలో పడవ వేగమెంత? ఏ గైడు తిరగేసినా ఇదే పడవ, ఇదే నది, ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. ఆ పడవలో మనిషిని కూర్చోబెట్టి చూడండి. రాజురాలో 350 హాలీ రూపాయలకు పత్తి అమ్మిన రైతు ఎడ్లు కొనడానికి రేవు దాటి బల్లార్షా పోయాడు, చేతిలో ఎన్ని కల్దారు రూపాయలు? మూడువందలు. ఒక్క ప్రశ్నలో నిష్పత్తి, మారకం రేటు, చరిత్ర, సరిహద్దు అన్నీ ఉన్నాయి. దీన్ని అడగరు. పడవ వేగం అడుగుతారు. వార్ధా పొంగి రాజురా–బల్లార్షా దారి మూసేసినప్పుడు పరీక్షకు నాగపూర్ ఎలా చేరాలన్నది వేరే ప్రశ్న, దానికి సూత్రం లేదు.

రీజనింగ్ అనే విభాగం ఉందే, దాని ఘనత ఒక పట్టాన వర్ణించలేం. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. నలుగురు లోపలికి, నలుగురు బయటికి మొహం పెట్టారు. పి అనేవాడు క్యూకి ఎడమ వైపు మూడోవాడు, ఆర్ అనేవాడికి ఊదా రంగు ఇష్టం, ఎస్ మంగళవారం పుట్టాడు. అసలు బల్ల చుట్టూ కూర్చుని బయటికి చూసే కుటుంబం ఏదో, వీళ్లు అన్నం తింటారో అలిగి కూర్చున్నారో తెలీదు. చాలా ఏళ్లు ఇది శుద్ధ దండగ ప్రశ్న అనుకునేవాణ్ణి. అన్యాయం. మొత్తం పరీక్షలో వృత్తికి దగ్గరగా ఉన్న శిక్షణ ఇదొక్కటే. జనం ఇటు ఉంటే కౌంటర్లో మనిషి అటు తిరిగి కూర్చోవడం ఇక్కడే నేర్పుతున్నారు.

ఇన్ని ప్రశ్నలు ఈ పుస్తకాల్లోకి ఎక్కడి నుంచి వస్తాయంటే, అదో పెద్ద వ్యాపార రహస్యం. బ్యాంకు పరీక్షలు నడిపే ఐబీపీఎస్ ఏళ్ల తరబడి తన ఆన్‌లైన్ ప్రశ్నపత్రాలు బయటపెట్టలేదు, కీ కూడా ఇవ్వలేదు. మరి గత సంవత్సరాల ప్రశ్నలు అని అట్ట మీద ఎలా వేస్తారు? పరీక్ష కేంద్రం గేటు దగ్గర నోట్‌బుక్కు పట్టుకుని నిలబడతారు. తల పగిలిపోయి బయటికొచ్చిన పిల్లల్ని పట్టుకుని ‘ఏమొచ్చాయి, ఏమొచ్చాయి’ అని పిండుతారు. ఒకడు నాలుగు చెబుతాడు, ఇంకొకడు ఆరు చెప్పి అందులో రెండు కిందటిసారి మాక్ టెస్టులోవి కలుపుతాడు. వాటికి ‘మెమరీ బేస్డ్’ అని పేరు. పక్క షాపు పుస్తకంలో అదే ప్రశ్నకు జవాబు బి, ఇందులో సి. తీర్పు చెప్పేవాడు లేడు, ఎందుకంటే కీ ఉన్నవాడు నోరు విప్పలేదు. అలసిపోయిన పిల్లల మతిమరుపు నంద్యాల నుంచి అమీర్‌పేట దాకా రంగుల అట్టతో అచ్చయి, కిలోల లెక్కన రాజురా వచ్చి, తర్వాతి ఏడు పిల్లల జ్ఞాపకశక్తిని పరీక్షిస్తుంది.

ఇక్కడ ఎదురుపక్షం వారికీ మాట ఇవ్వాలి. లక్షల దరఖాస్తులు, వేలల్లో ఖాళీలు. ఏదో ఒక జల్లెడ ఉండాలి కదా అంటారు. ఉండాలి. సిఫార్సు ఉత్తరాల కన్నా కంప్యూటరు నయం, దానికి మామయ్యలు లేరు. 2016 నుంచి గుమాస్తా ఉద్యోగాలకు ఇంటర్వ్యూ తీసేయడం కూడా మంచి పనే. ఇంటిపేరు చూసి మొహం మార్చేవాడు ఎదురుగా లేడు. రాజురా లాంటి ఊరి బీద పిల్లాడికి నిజాయితీగా మిగిలిన దారి అదొక్కటే, నేను కాదనను. నా గొడవ జల్లెడ మీద కాదు, జల్లించడాన్ని జ్ఞానం అని పిలవడం మీద. లాటరీ తీయండి, లాటరీ అని రాయండి. పిల్లాడు ఓడితే అదృష్టం లేదనుకుని నవ్వుకుంటాడు. ఇప్పుడేమో తెలివి లేదనుకుని కుంగిపోతున్నాడు, ట్యూనా దినం మరిచిపోయినందుకు.

ఈ జల్లెడ కంటికి ఆనని సరుకు ఒకటుంది. రాజురాలో తెలుగిల్లు ఒకటి ఊహించుకోండి, సరిహద్దు గనక అక్కడ తక్కువేం కాదు. పిల్లాడు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ, గూడెం వైపు స్నేహితులుంటే నాలుగు గోండి ముక్కలు. బ్యాంకు కౌంటరు ముందుకు వచ్చే జనం ఏయే భాషల్లో వస్తారో ఆ భాషలన్నీ వాడి నోట్లోనే ఉన్నాయి. కేంద్రం నుంచి శిక్షణ లేకుండా, ఖర్చు లేకుండా తయారైన మనిషి. ఈ భాషలకు వాడికి ఎన్ని మార్కులు? సున్నా. గ్రామీణ బ్యాంకు పరీక్షలు 2019 నుంచి 13 ప్రాంతీయ భాషల్లో పెడుతున్నారు, సంతోషం. తెలుగూ ఉంది, మరాఠీ ఉంది. కానీ భాష రాష్ట్రాన్ని బట్టి. మహారాష్ట్రకు పెడితే తెలుగు లేదు. తెలంగాణకు పెడితే, స్టేట్ బ్యాంకు జూనియర్ అసోసియేట్ నిబంధనే చూడండి, పదిలోనో ఇంటర్లోనో ఆ భాష చదివినట్టు కాగితం ఉంటే భాషా పరీక్ష లేదు, కాగితం లేకపోతే ఉంది. పుట్టినప్పటి నుంచి తెలుగే మాట్లాడిన రాజురా వాడు, నీకు తెలుగు వచ్చునా అని రుజువు చూపాలి. పదో తరగతిలో ఎలాగో గట్టెక్కి తర్వాత తెలుగు పత్రిక మొహం చూడని నగరం పిల్లాడికి కాగితం చాలు. గుమాస్తా మెయిన్స్‌లో ఇంగ్లీషుకు మాత్రం 40 ప్రశ్నలు, ఖాళీలు పూరించమని. రాజురా బ్రాంచిలో ఇంగ్లీషులో విత్‌డ్రాయల్ ఫారం అడిగే రైతు కోసం.

ఎవరూ అడగలేదు గానీ, నా తరఫున ఒక మోడల్ పేపరు తయారు చేశాను. ఒక్క ప్రశ్నే. దానికి ముందు కాస్త సందర్భం. రాజురా నుంచి జివతి కొండల మీదికి వెళ్తే పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్లు వస్తాయి. మహారాష్ట్ర వాళ్లు మావంటారు, తెలంగాణ వాళ్లు మావంటారు. అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ వాళ్లు మావన్నారు. దశాబ్దాలుగా తేలలేదు. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉంటాయి. రెండు పార్టీల జీపులూ, కాదు, నాలుగు పార్టీల జీపులూ వస్తాయి. ఎన్నికలప్పుడు రెండు రాష్ట్రాలూ వాళ్ల ముందే ఉంటాయి, భూమి పట్టా అడిగినప్పుడు మాత్రం రెండూ కనబడవు. బడి మరాఠీ కావాలన్నా, తెలుగు కావాలన్నా దొరుకుతుంది. పంట రుణం కావాలంటేనే చిక్కు. రాజధాని పేరు రెండుసార్లు మారినందుకు కజకస్తాన్‌కు మన గైడులో ఒక పేజీ దక్కింది, రాష్ట్రమే తేలని ఈ ఊళ్లకు ఒక్క బిట్టు దక్కలేదు.

ఇదీ ప్రశ్న. పరందోళి రైతు ఒకడు రెండు రాష్ట్రాల కార్డులూ జేబులో పెట్టుకుని, పత్తి విత్తనాలకు కిసాన్ క్రెడిట్ కార్డు అప్పు కోసం బ్యాంకుకు వచ్చాడు. అతన్ని ఏ రాష్ట్రపు బ్రాంచికి పంపాలి? ఎ) తెలంగాణ. బి) మహారాష్ట్ర. సి) రెండూ. డి) లింకు లేదు, రేపు రండి.

కోచింగ్ తీసుకున్నవాడు నెగెటివ్ మార్కుకు జడిసి దీన్ని వదిలేస్తాడు. ఆ తాలూకాలో అక్షరం ముక్క రాని ముసలివాళ్లు మాత్రం 42 సెకన్లు కూడా తీసుకోరు, ఠక్కున డి అంటారు.